పొగమంచులో గోల్

పోయిన వారం మన మాలకీ టూహీని ఎక్కడ వదిలేశామో గుర్తుందా? కిల్‌బ్రాకెన్ అనే పల్లెలో, బాటీ డెవేన్ వంటింట్లో, నోట్లో సోడా రొట్టె ముక్కతో, మింగలేక కక్కలేక.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మాలకీ ఒకప్పుడు ఆటల విలేకరి. ఇప్పుడు పేరున్న ఆటగాళ్ల ఆత్మకథలు వాళ్ల పేరు మీద తాను రాసిపెడుతుంటాడు. ఇప్పటికి ఎనిమిది రాశాడు, ఒక్క అట్ట మీదా తన పేరు లేదు. తొమ్మిదోది బాటీది. కర్ర పట్టి ఆడే హర్లింగ్ ఆటలో, 1986 కౌంటీ ఫైనల్ ఆఖరి నిమిషంలో గోల్ కొట్టి, యాభై ఒక్క ఏళ్ల తర్వాత ఊరికి కప్పు తెచ్చినవాడు బాటీ. ఆ గోల్ గురించి పేపర్లో రాసింది అప్పటికి ఇరవై రెండేళ్ల మాలకీ. పుస్తకం శుక్రవారానికి డబ్లిన్‌లో ప్రచురణకర్తల చేతిలో పడాలి. ఆదివారం ఊరి మైదానానికి కొత్త గేటు తెరుస్తున్నారు, దాని మీద బాటీ పేరు. పుస్తకంలో మిగిలింది ఒక్క అధ్యాయం, ఆ గోల్ అధ్యాయమే. అలాంటి బుధవారం మధ్యాహ్నం, రికార్డర్ తిరుగుతుండగా, బాటీ తాపీగా అన్న మాట ఇది:

"ఆ గోల్ నేను కొట్టలేదు మాలకీ. ఆ సంగతి నీకూ తెలుసు."

మాలకీ టీ రెండు గుక్కలు తాగి రొట్టెను ఎలాగో లోపలికి పంపించాడు. గోడ మీద యేసు పటం కింద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. టేబుల్ మీద రికార్డర్‌కీ అలాంటిదే ఇంకో చిన్న ఎర్ర దీపం. కిటికీ బయట వాన, పొద్దుటి నుంచీ ఒకటే వాన. పొయ్యి పక్కన బాటీ భార్య నోరీన్ కేకు కోసం ఆపిల్ పళ్లు చెక్కు తీస్తోంది. పండు పండుకీ తొక్క తెగకుండా ఒకే చుట్టగా తీయడం ఆవిడ గొప్ప. ఆ మాటకి తొక్క పుటుక్కున తెగింది. అది మాలకీ చూడలేదు.

"నాకు తెలుసా?" అన్నాడు.

"ఓరి నీ సిగ్గు! తెలిసి రాసినవాడివి, తెలీనట్టు అడుగుతావేం?" అన్నాడు బాటీ. అరవై ఏళ్ల మనిషి, ఇప్పటికీ గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోతుంది. లేచి అలమరలోంచి బిస్కట్ల డబ్బా తీశాడు. అందులో బిస్కట్లు లేవు. పసుపు పచ్చబడిన పేపరు ముక్క ఒకటుంది. కళ్లజోడు పెట్టుకుని, బడిపిల్లాడిలా గొంతు సవరించుకుని చదివాడు.

"'పొగమంచు మైదానాన్ని మింగేసిన వేళ, బంతి నేలను తాకిన మరుక్షణం, డెవేన్ తన ఎడం పక్క నుంచి ఒక్క దెబ్బ వేశాడు. యాభై ఒక్క సంవత్సరాల నిరీక్షణ ఆ వలలో పడి ఊపిరి తీసుకుంది.'"

నిరీక్షణ వలలో పడటమేమిటో, పడి ఊపిరి తీసుకోవడమేమిటో! ఇరవై రెండేళ్లకి చేతిలో కలముంటే ఎవరైనా ఇలాగే రాస్తారు, మనం మాత్రం తక్కువ తిన్నామా? మాలకీకి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ వాక్యమే అతన్ని డబ్లిన్ తీసుకెళ్లింది. ఆ సోమవారం పెద్ద పేపరు సంపాదకుడు స్వయంగా ఫోన్ చేసి, "గోల్‌ని ఇంత బాగా చూసిన కుర్రాడివి, అక్కడెందుకయ్యా, ఇక్కడికి వచ్చెయ్" అన్నాడు. మాలకీ తల్లి ఆ ముక్కను అద్దం కట్టించి హాల్లో పెట్టుకుంది. చనిపోయేదాకా వచ్చినవాళ్లందరికీ చూపించింది.

"ఎడం పక్క నుంచి!" బాటీ కాగితం మీద వేలు పెట్టాడు. "నా ఎడం పక్క సంగతి ఈ కౌంటీలో కోళ్లక్కూడా తెలుసు. ఎడం పక్క నుంచి నేను కొడితే బంతి వెనక్కి పోయేది. జట్టు మొత్తానికి ఎడంచేతి వాటం ఒక్కడిదే. మా మోసీగాడిది."

మోసీ లూబీ అంటే నోరీన్ అన్న, బాటీకి బావమరిది. ఊరి చివర షెడ్డులో హర్లింగ్ కర్రలు చెక్కుతాడు. పదినెలలుగా ప్రతి బుధవారం నాలుగింటికి ఠంచనుగా వచ్చి, ఆ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, ఆ వారం రాసిన అధ్యాయం మాలకీ చదువుతుంటే వినిపోతాడు. "బాగుంది" అనే మాట తప్ప ఇంకో మాట ఎప్పుడూ అని ఎరగడు.

"జరిగింది విను," అన్నాడు బాటీ. "రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గోల్ పడితే మూడు పాయింట్లు. పక్కనున్నవాడి మొహం కనపడని పొగమంచు. బంతి వాళ్ల గోల్ ముందు ఎక్కడో పడింది. నేను పరుగెత్తాను, కాలు జారింది, బోర్లా పడ్డాను. నోటి నిండా బురద. తల ఎత్తేసరికి నా పక్కనుంచి మోసీ, నేల మీదే, ఎడం పక్క నుంచి, ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. అంతే, నలుగురు వచ్చి నా మీద పడ్డారు. లేచేసరికి జనం భుజాల మీద ఉన్నాను. కెప్టెన్‌ని కదా. సరే, గదిలోకి వెళ్లాక చెప్దాంలే అనుకున్నాను. గదిలో పాటలు. రాత్రికి చెప్దాం అనుకున్నాను. రోడ్డు పొడవునా నెగళ్లు. తెల్లారింది, పేపరొచ్చింది. నీ పేపరు."

"ఒక్క మాట ఖండిస్తే సరిపోయేది కదా బాటీ?"

"ఆసుపత్రిలో మా నాన్న ఉన్నాడయ్యా." బాటీ కళ్లజోడు తీశాడు. "యాభై మూడో సంవత్సరం ఫైనల్లో మా నాన్న గోల్‌కీపర్. ఆఖరి బంతి కాళ్ల మధ్య నుంచి పోయింది. ముప్పై మూడేళ్లు ఆ మాట పడ్డాడు. చర్చిలో పడ్డాడు, సంతలో పడ్డాడు. నర్సు నీ పేపరు చదివి వినిపిస్తే ఇంకోసారి చదవమన్నాడు. మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. పదకొండు రోజులు బతికాడు. నేను వెళ్లి మోసీతో అన్నాను, ఒరేయ్, చెప్పేస్తానురా అని. వాడేమన్నాడో తెలుసా? 'పేపర్లో పడిపోయింది కదా, ఉండనీ. కప్పొచ్చిందా లేదా?' అన్నాడు. ఆ తర్వాత ఈ ముప్పై ఆరేళ్లలో మా ఇద్దరి మధ్య ఆ మాట రాలేదు. పెళ్లిళ్లయ్యాయి, పురుళ్లయ్యాయి, రాలేదు."

పొయ్యి మీద కెటిల్ కూత పెట్టింది. నోరీన్ దించలేదు. బాటీయే లేచి దించాడు.

"కానీ నాకు నీ మీద ఒక లెక్క ఉండిపోయింది మాలకీ. పేరు నాది రాశావు, దెబ్బ వాడిది రాశావు. చదివినప్పుడే అర్థమైంది. ఈ కుర్రాడు అంత పొగలోనూ చూశాడు, మా నాన్న సంగతి విన్నాడు, నా పరువు నిలబెట్టాడు, మోసీకి కూడా అన్యాయం చెయ్యకుండా వాడి చెయ్యి వాడికి ఉంచాడు అనుకున్నాను. ఎంత మంచివాడయ్యా అనుకున్నాను. ప్రచురణవాళ్లు ఎవరో పేరున్న కుర్ర రచయితని పెడతామంటే, ఠాట్, మాలకీ టూహీ అయితేనే పుస్తకం, లేకపోతే లేదన్నాను. పేరు కూడా నాతో సమానంగా వెయ్యాలన్నాను. ఎందుకనుకున్నావు?"

చక్కెర గిన్నె కింద డబ్లిన్ నుంచి వచ్చిన అట్ట నమూనా ఉంది. పైన బాటీ డెవేన్. కింద మాలకీ టూహీ. రెండు పేర్లూ ఒకే పరిమాణంలో, ఒకే నీలంలో ఉన్నాయి. అది వచ్చిన రోజు మాలకీ కారులో కూర్చుని పది నిమిషాలు దాన్నే చూశాడు. ఎవరికీ చెప్పలేదు, నాకూ ఆలస్యంగానే తెలిసింది.

మీరు నవ్వుకోకండి. ఎనిమిది పుస్తకాలు వేరేవాళ్ల నోటితో మాట్లాడినవాడి సంగతి మీకు తెలీదు. మొదటివాడు జాకీ, గుర్రాలతో తప్ప మనుషులతో మాట్లాడేవాడు కాదు. మూడు నెలలు వాడి వెనక గుర్రపుశాలలో తిరిగి, వాడు గుర్రానికి చెప్పుకున్నదంతా మాలకీ రాసుకున్నాడు. తర్వాత ఒక బాక్సర్, రికార్డర్ పెట్టగానే ఏడ్చేవాడు. ఇంకో ఫుట్‌బాలర్ అయితే పుస్తకం విడుదల రోజున వేదిక మెట్ల దగ్గర మాలకీని పక్కకి లాగి, "గురూ, అందులో నేనేం చెప్పాను?" అని అడిగాడు. వాళ్లందరి గొంతులూ మాలకీకి అంటుకుపోయాయి. సొంత మేనకోడలి పెళ్లిలో నాలుగు మాటలు మాట్లాడమంటే నిలబడి అచ్చం ఆ బాక్సర్‌లా మాట్లాడాడు, పైగా ఏడ్చాడు కూడా. అందరూ మెచ్చుకున్నారు. అతనికి మాత్రం ఆ రాత్రి భయం వేసింది, నా గొంతు ఎక్కడ పారేసుకున్నానా అని. అందుకని ఆ నీలం అక్షరాలంటే అంత ఆశ.

"సరే, ఇప్పుడు అసలు పని విను," బాటీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆదివారం ఆ గేటు మీద నా పేరుంటే నేను దాని కిందనుంచి నడవలేను. చచ్చినా నడవను. నిజం పుస్తకంలోకి ఎక్కాలి. రేపు నువ్వు ఆ గేటు పెట్టే కమిటీవాళ్లకి కూడా చెప్పాలి. నేను చెప్తే ఎవడూ నమ్మడు, బాటీకి వినయం ఎక్కువంటారు. మోసీని అడిగితే లేదంటాడు, వాడి మొండితనం నీకు తెలుసు. ఆ పొగలో చూసినవాడివి నువ్వొక్కడివే. 'నేను చూశాను, కొట్టింది మోసీ లూబీ' అని నీ పేరు మీద, నీ మాటగా ఒక పేజీ రాయి. అట్ట మీద నీ పేరుంటే ఆ పేజీకి బరువుంటుంది."

చూశారా ఎక్కడికి తెచ్చి పెట్టాడో! మాలకీ చెయ్యాల్సిందల్లా తల ఊపడమే. బాటీకి మనశ్శాంతి, మోసీకి న్యాయం, మాలకీకి అట్ట మీద పేరు. ముగ్గురికీ మంచిదే. ఒక్క పేజీ రాయడం అతనికెంతసేపు? అరగంట. మాలకీ పెన్ను కూడా తీశాడు. దాని మూత తీశాడు. 'నేను చూశాను' అని మొదటి రెండు మాటలూ రాశాడు.

రాసి, ఆగాడు. ఆ రెండు మాటలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమయ్యా, సిరా అయిపోయిందా?"

"బాటీ," అన్నాడు మాలకీ. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. జాకీది కాదు, బాక్సర్‌ది కాదు. "నేను చూడలేదు."

"ఏం చూడలేదు?"

"గోల్. నీది చూడలేదు, మోసీది చూడలేదు. నేను అసలు మైదానంలో లేను."

బాటీ నవ్వబోయి మానేశాడు.

"ఆ మైదానానికి ఫోను ఒక్కటే, గుర్తుందా? రోడ్డుకి ఇవతల తాగుడుకొట్టులో, నడవలో. ముందెవడు పట్టుకుంటే వాడు తన వార్త మొత్తం చెప్పేదాకా వదలడు. రెండోవాడి పేపరుకి వార్త లేనట్టే. అవతలి పేపరాయన పండిపోయినవాడు, ఆఖరి విజిల్ పడగానే నన్ను తోసేసి పరుగెత్తేవాడు. అంతకుముందు ఏడాది రెండుసార్లు అలాగే చేశాడు, మా సంపాదకుడు ఇంకోసారైతే మానెయ్యమన్నాడు. అందుకని నాలుగు నిమిషాలుండగానే లేచి వచ్చేశాను. మీరు ఓడిపోయారని మా పేపరు ఆఫీసులో టైపు చేసే ఆవిడకి చెప్పేస్తున్నాను. సగం చెప్పాను కూడా. అప్పుడు మైదానంలోంచి ఒక్కసారిగా అరుపులు. 'అమ్మా, ఒక్క క్షణం, అంతా కొట్టెయ్' అన్నాను. 'నాయనా, నాకు ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి, త్వరగా తెముల్చు' అంది ఆవిడ. ఫోను వదిలితే పోతుంది. వదలకపోతే ఏం చెప్పను? అప్పుడే ఎవరో తలుపు తోసుకుని నడవలోకి వచ్చారు. ఎవరు కొట్టారని అడిగాను. నీ పేరు చెప్పారు. ఎలా కొట్టాడని అడిగాను. నేల మీద, ఎడం పక్క నుంచి, ఒక్క దెబ్బ అన్నారు. మిగతాదంతా నా కల్పన. నిరీక్షణా, ఊపిరీ, అదంతా నేనే."

రికార్డర్ తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

"అంటే..." బాటీ నెమ్మదిగా అన్నాడు. "మా నాన్న దిండు కింద పెట్టుకున్నది..."

"ఫోను తాడు పట్టుకుని నిలబడి నేను అల్లింది."

"మరి మొన్న టీవీవాళ్లు వచ్చినప్పుడు కూడా చెప్పావే, ఆ పొగలో కర్ర మెరిసిందని?"

"చెప్పాను. ముప్పై ఆరేళ్లుగా చెప్తున్నాను. చెప్పగా చెప్పగా నాకే కనిపించడం మొదలుపెట్టింది."

బాటీ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. పొయ్యి కింద పడుకున్న కుక్క లేచి బల్ల కిందకి దూరింది.

"ముప్పై ఆరేళ్లు నీకు మనసులో దణ్ణం పెట్టుకున్నానురా! ప్రతి క్రిస్మస్‌కి చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను, మా నాన్నకొకటి, నీకొకటి! ఈవిణ్ణి అడుగు! ఎక్కడో డబ్లిన్‌లో ఒక మంచివాడున్నాడు, చూసి కూడా నోరు మూసుకున్నాడు అని... చూడనేలేదా నువ్వు? ఫోను దగ్గర నిలబడ్డావా? ఫోను దగ్గర!"

"అవును."

"పదినెలలు నా రొట్టె తిన్నావు. ఈ పదినెలల్లో ఒక్కసారి నోరు విప్పలేకపోయావా?"

"నువ్వే కొట్టావనుకున్నాను బాటీ. ఒట్టు. చూడలేదు గానీ, కొట్టింది నువ్వేననుకున్నాను. చూడని విషయం ఒక్కటే దాచాను. అది చెప్తే నా ఉద్యోగం, మా అమ్మ అద్దం కట్టించిన ముక్క, అన్నీ..." మాలకీ ఆగిపోయాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పిల్లాడిలా ముంజేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "ఇవాళ మళ్లీ 'నేను చూశాను' అని రాయమన్నావు. ఒకసారి రాసిందానికే మీ ఇద్దరి జీవితం ఇలా అయింది. రెండోసారి రాయలేను."

బాటీ చక్కెర గిన్నె పక్కకి జరిపాడు. అట్ట నమూనా తీసి మాలకీ ముందు పెట్టాడు. కోపంగా పెట్టలేదు, కోపంగా పెట్టి ఉంటేనే నయమనిపించేది.

"నీ పేరు తీసెయ్యి."

"తీసేస్తాను."

"రేపే ఫోన్ చేసి చెప్పు వాళ్లకి."

"చెప్తాను. నాకు అలవాటే." మాలకీ నవ్వడానికి ప్రయత్నించాడు. 'నేను చూశాను' అని రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెన్నుకి మూత పెట్టాడు. తర్వాత, ఎందుకో చెప్పాలనిపించి అన్నాడు. "ఒక్క మాట. నాకు చెప్పినవాళ్లని మాత్రం ఏమీ అనకు. ఎవరో అమ్మాయి. పసుపు కోటు వేసుకుంది. ఆ పొగలో తనకెలా కనిపించిందో అలా చెప్పింది. పొరపాటు పడింది పాపం. విన్నది సరిచూసుకోవాల్సింది నేను. విలేకరిని నేను కదా."

"పసుపు కోటా? ఎవతె అది?"

"ఏమో. మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. అంత సంతోషం నేను మళ్లీ ఏ మొహంలోనూ చూడలేదు బాటీ. నిజం చెప్పాలంటే, గోల్ చూడలేదు గానీ దాన్ని చూశాను. నేను రాసిందంతా ఆ మొహం చూసి రాసిందే."

పొయ్యి దగ్గర చాకు కింద పెట్టిన చప్పుడైంది.

"గోధుమరంగు బొత్తాలు," అంది నోరీన్.

ఇద్దరూ అటు తిరిగారు. ఆవిడ వాళ్లకేసి చూడటం లేదు. నడుముకి కట్టుకున్న వంటింటి గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది, తడి లేని చేతుల్ని.

"ఆ కోటుకి గోధుమరంగు బొత్తాలు. ఆరు. కిందది ఊడిపోతే నల్లది కుట్టుకున్నాను."

బాటీ పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టాడు గానీ కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వా?" అన్నాడు.

"నేనే."

"గోల్ వెనకాల ఉన్నావా నువ్వు?"

"వల పట్టుకుని నిలబడ్డాను. నాకు అడుగున్నర దూరంలో పడింది బంతి."

"అయితే కొట్టింది ఎవరో చూశావు."

"మా అన్న చెయ్యి నాకు తెలీదా బాటీ? పెరట్లో చిన్నప్పట్నుంచీ బంతులు ఏరిచ్చింది నేను కాదూ?"

మాలకీ ఆ మాటలు మళ్లీ తలుచుకున్నాడు. ఎడం పక్క నుంచి, నేల మీద, ఒక్క దెబ్బ. ఆ అమ్మాయి పొరపాటు పడలేదు. చూసింది చూసినట్టు చెప్పింది, ఒక్క పేరు తప్ప.

"మరి నా పేరెందుకు చెప్పావే?" బాటీ గొంతులో కోపం ఎటు పోయిందో పోయింది.

"చెప్దామని చెప్పలేదు." నోరీన్ మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. యాభై ఆరేళ్ల ఆవిడ మెడ దాకా ఎర్రబడింది. "నువ్వు నాతో అప్పటికి మూడు మాటలు మాట్లాడావు, గుర్తుందా? సంతలో రెండు, చర్చి గేటు దగ్గర ఒకటి. నాలుగు నెలలుగా నా నోట్లో ఇంకో పేరు లేదు. పడుకుంటే అదే, లేస్తే అదే. నువ్వు బురదలో పడి ఉన్నావు, లేవడం లేదు, దెబ్బ తగిలిందనుకున్నాను. ఎవరికైనా చెప్దామని పరుగెత్తి వచ్చాను. నడవలో ఈయన ఫోను పట్టుకుని, 'ఎవరు? ఎవరు?' అని నా మీద అరిచాడు. నా నోట్లో ఏముందో అదే వచ్చింది. ఎలా అని అడిగాడు, కళ్లలో ఏముందో అది చెప్పాను. అంతే."

"తర్వాతైనా..."

"తర్వాత పేపరొచ్చింది. మీ నాన్న ఆసుపత్రిలో నవ్వాడని చెప్పుకున్నారు. మా అన్న ఉండనీ అన్నాడని నువ్వు మా పెరటి గోడ దగ్గర నిలబడి చెప్పావే, అదే మన నాలుగో మాట. నేను లోపలుండి విన్నాను. సొంత అన్న గోల్ తీసి పరాయివాడి చేతిలో పెట్టానని ఏ నోటితో చెప్పను? ఆ పరాయివాడితో పెళ్లి కూడా అయిపోయాక అసలే చెప్పలేకపోయాను." ఆవిడ మాలకీ వైపు తిరిగింది. "అయ్యా, నీ పేరు పోగొట్టుకునైనా నన్ను వెనకేసుకొచ్చావు, నేనెవరో తెలీకుండానే. ఇంక నేను నోరు మూసుకుంటే మనిషినే కాను. బాటీ, ఆయన పేరు తీయించకు. తప్పేదైనా ఉంటే అది నాదే."

బాటీ తన పెద్ద చెయ్యి చాపి భార్య చెవి పక్కన అంటుకున్న పిండి తుడిచాడు. తుడిచాక కూడా చెయ్యి అక్కడే ఉంచాడు.

"నాలుగు నెలలా?" అన్నాడు. "నాకు తెలీనే తెలీదే."

"నీకు ఏం తెలిసి చచ్చిందని!"

సరిగ్గా అప్పుడే వాకిట్లో వ్యాను ఆగింది. కుక్క బల్ల కిందనుంచి ఒక్క ఉదుటున గుమ్మంలోకి పోయింది, తోక ఊపుతూ. గోడ గడియారం నాలుగు కొట్టడం పూర్తికాలేదు. మోసీ లూబీ తలుపు తీసి, బూట్లు గుమ్మం బయటే విడిచి, తడి టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి. చొక్కా చేతుల మీద చెక్క పొట్టు. ఎడం చేత్తోనే కుర్చీ లాక్కున్నాడు.

"ఏం బావా, ఏ అధ్యాయం దాకా వచ్చారు?" అన్నాడు. అతను ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చి చెల్లెలి దగ్గర ఆగాడు. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు మోసీ," అన్నాడు బాటీ. "కూర్చో. గోల్ అధ్యాయం."

మోసీ మొహంలో ఏదో కదిలింది. అది ఏమిటో పట్టుకునేలోపు పోయింది. టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాడు, "బాగుంది" అనడానికి సిద్ధంగా.

మాలకీ ఈ వారం చిత్తుగా టైపు చేసి తెచ్చిన పేజీలు చేతిలోకి తీసుకున్నాడు. మొదటి వాక్యంలోనే ఉంది పొగమంచు, ఎడం పక్క, నిరీక్షణ. చదవడానికి నోరు రాలేదు. అప్పుడు నోరీన్ వచ్చి ఆ పేజీలు అతని చేతిలోంచి తీసుకుంది. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. రికార్డర్‌ని తన వైపు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది, అది నడుస్తోందో లేదో ఆ ఎర్ర దీపం చూసి మరీ.

"ఇవాళ నేను చదువుతాను అన్నయ్యా," అంది.

కాగితాలు బోర్లించి బల్ల మీద పెట్టింది. పెట్టి, కాగితం మీద లేని మొదటి వాక్యం చెప్పింది.

"ఆ రోజు నేను పసుపు కోటు వేసుకున్నాను."

మోసీ లూబీ కళ్లు తెరవలేదు. తెరవకుండానే అన్నాడు.

"తెలుసే. బంతి కొట్టి తల ఎత్తేసరికి వల వెనక అదొక్కటే కనిపించింది."